ఆగడానికి కావలసిన బలం

మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో పొలం ఉన్న ఇంటికి బోరు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చిన్న మంగళారంలో టమాటా వేసినా, పక్క ఊళ్లో చామంతి పెట్టినా, ఎండాకాలం పంటను నిలబెట్టేది బోరు నీళ్లే. మోటరు కాలిపోయిందంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. వందల అడుగుల లోతున ఉన్న ఆ మోటరును పైకి గుంజాలి, బాగు చేయించాలి, మళ్లీ దించాలి.

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది బలాల గురించి. వస్తువు మీద బలాలు సమానంగా ఉంటే ఏమవుతుంది, సమానంగా లేకపోతే ఏమవుతుంది అన్న సంగతి. ఇది హైస్కూలు పాఠం. కానీ నేను నల్లబల్ల దగ్గర మొదలుపెట్టను. బోరు గట్టు మీద నిలబడి మొదలుపెడతాను.

మోటరు ఇంకా బోరులోనే వేలాడుతోంది. కదలడం లేదు. దాని మీద ఎన్ని బలాలు ఉన్నాయి? ముఖ్యంగా రెండు. భూమి దాన్ని కిందికి లాగుతోంది. మోటరు బరువు, పైపుల బరువు, పైపులో నిలిచిన నీళ్ల బరువు అంతా కిందికే. పైన బిగించిన క్లాంపు దాన్ని పైకి పట్టి ఉంచింది. కిందికి ఎంతో, పైకీ అంతే. అందుకే కదలకుండా ఉంది. ఇక్కడిదాకా ఎవరికీ అనుమానం ఉండదు.

ఇప్పుడు గుంజే యంత్రం నడిచింది. తాడు బిగిసింది. మోటరు కదిలింది. కదిలిన ఆ మొదటి క్షణంలో పైకి లాగే బలం బరువు కంటే కాస్త ఎక్కువ ఉంది. ఎక్కువ ఉంది కాబట్టే నిలిచి ఉన్నది కదిలింది. ఇదీ తేలికే.

అసలు ప్రశ్న ఇప్పుడు అడుగుతాను. జాగ్రత్తగా వినండి. మోటరు కదలడం మొదలైంది. ఇప్పుడది ఒకే తీరుగా, ఒకే వేగంతో, నిదానంగా పైకి వస్తోంది. వేగం పెరగడం లేదు, తగ్గడం లేదు. ఇలా వస్తున్నప్పుడు పైకి లాగే బలం ఎక్కువా, కిందికి లాగే బరువు ఎక్కువా?

ఒక్క క్షణం ఆలోచించండి. పక్కన పిల్లలుంటే వాళ్లనూ అడగండి.

చాలామంది చెప్పే జవాబు ఒకటే. పైకి వస్తోంది కదా, మరి పైకి లాగే బలమే ఎక్కువ ఉండాలి అంటారు. కాదండీ. రెండూ సమానం. మోటరు వేలాడుతూ నిలిచి ఉన్నప్పుడు ఎంత సమానమో, ఒకే వేగంతో పైకి వస్తున్నప్పుడూ అంతే సమానం. ఒక్కో పైపు విప్పుతున్న కొద్దీ బరువు తగ్గుతుంది, తాడు మీద బిగువూ దానితో పాటే తగ్గుతుంది. కానీ ఒకే తీరుగా కదులుతున్నంతసేపు పైకీ కిందికీ లెక్క సరిసమానమే.

ఇది నమ్మబుద్ధి కాదు. నాకు తెలుసు. కానీ ఈ ఒక్క మాట నిలబడితే మిగతా పాఠమంతా దానంతట అదే నిలబడుతుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను. బలాలు సమానంగా ఉంటే నిలిచి ఉన్నది నిలిచే ఉంటుంది. కదులుతున్నది అదే వేగంతో, అదే దారిన కదులుతూనే ఉంటుంది. బలాల్లో హెచ్చుతగ్గు వస్తేనే వేగం మారుతుంది, లేదా దారి మారుతుంది.

పుస్తకాల్లో వీటికి పేర్లున్నాయి. ఒకదాన్నొకటి సరిగ్గా చెల్లుకొట్టుకునే బలాలను సంతులిత బలాలు అంటారు. చెల్లుకాకుండా ఒక వైపు ఎంతో కొంత మిగిలితే అవి అసంతులిత బలాలు. ఆ మిగిలిన దానికి ఫలిత బలం అని పేరు. ఫలిత బలం సున్నా అయితే చలనంలో మార్పు ఉండదు. సున్నా కాకపోతే మార్పు ఉంటుంది.

బడుల్లో ఈ పాఠం చెప్పే తీరు మీద నాదొక అభ్యంతరం. తాడు గుంజే ఆట బొమ్మ వేస్తారు. అటు నలుగురు, ఇటు నలుగురు. తాడు కదలదు, కాబట్టి బలాలు సమానం అని చెప్పి పాఠం ముగిస్తారు. పిల్లల మనసులో ఏం మిగులుతుంది? సమానం అంటే కదలకుండా ఉండడం అని మిగులుతుంది. అది సగం నిజం. ఆ సగం నిజంతోనే పిల్లలు పెద్దవాళ్లవుతారు, బండి తాళాలు చేతికి తీసుకుంటారు, రోడ్డెక్కుతారు. రెండో సగం ఎందుకు ముఖ్యమో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మనుషులంతా వేల ఏళ్లు అలాగే అనుకున్నారు. గ్రీకు దేశపు అరిస్టాటిల్ అంతటివాడు కూడా, ఏదైనా కదులుతూ ఉండాలంటే దాన్ని ఏదో ఒకటి కదిలిస్తూనే ఉండాలన్నాడు. ఎద్దులు లాగితే బండి నడుస్తుంది, ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది. కళ్ల ముందు కనిపించేది అదే మరి.

కానీ బండి ఎందుకు ఆగింది? ఎద్దులు లాగడం మానినందుకా? అది కాదు కారణం. ఇరుసు దగ్గర రాపిడి ఉంది. చక్రం కింద మన్ను మెత్తగా దిగబడుతుంది. ఇవి రెండూ బండిని వెనక్కి పట్టుకుంటాయి. ఎద్దులు లాగుతున్నంతసేపు ముందుకు లాగే బలం ఈ వెనక్కి పట్టే బలాన్ని చెల్లుకొట్టింది. ఎద్దులు ఆగాయి. వెనక్కి పట్టే బలం ఒక్కటే మిగిలింది. ఆ మిగిలిన బలమే బండిని ఆపింది. వానకు తడిసిన నల్లరేగడిలో బండి వెంటనే ఆగిపోతుంది. తారు రోడ్డు మీద కాస్త దూరం పోయి ఆగుతుంది. రాపిడి తగ్గిన కొద్దీ ఇంకా దూరం పోతుంది. అసలు రాపిడే లేకపోతే?

ఈ ప్రశ్నను ఇటలీలో గెలీలియో పట్టుకున్నాడు. నున్నని ఏటవాలు పలకల మీద గోళీలు దొర్లించి చూశాడు. అడ్డు పడేది ఏదీ లేకపోతే దొర్లేది దొర్లుతూనే ఉంటుందని తేల్చాడు. ఆ తర్వాత 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియా గ్రంథంలో దీన్ని చలన నియమాల్లో మొదటిదిగా నిలబెట్టాడు. కదలడానికి బలం అక్కర్లేదు. మారడానికే బలం కావాలి. మరోసారి అంటాను, వినండి. కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు. ఆ కదలికను మార్చడానికే బలం కావాలి.

ఇప్పుడు బోరు గట్టు మీది నుంచి రోడ్డు మీదికి వద్దాం. హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు. దాని పక్కన వరుసగా నిలబడ్డ మర్రిచెట్లు రాష్ట్రమంతటా పేరున్నవి. ఒక్కో చెట్టు కొమ్మలు ఎంత దూరం చాచిందో మీలో చాలామంది చూసే ఉంటారు. కదలకుండా నిలబడ్డ చెట్టు మీద బలాలేవీ లేవనుకోకండి. అడ్డంగా చాచిన ప్రతి కొమ్మనూ భూమి కిందికి గుంజుతూనే ఉంది. మాను దాన్ని పట్టి ఉంచుతోంది. కొమ్మ నుంచి ఊడ దిగి, నేలను తాకి, లావెక్కిందనుకోండి. అప్పటి నుంచి ఆ బరువులో కొంత ఊడ మోస్తుంది. అందుకే మర్రి అంత దూరం చాచగలుగుతుంది. గాలివాన వచ్చినప్పుడు వేళ్లు నేలను పట్టుకుని గాలి తోపుకు ఎదురు నిలుస్తాయి. నిశ్చలంగా కనిపించేదంతా బలాలు సరిపోలడం వల్ల వచ్చిన నిశ్చలత్వమే.

ఇదే దారి వెంట ఇంకా పడమటికి వెళ్తే వికారాబాద్ జిల్లా. అక్కడ మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో 2022 డిసెంబరులో ఒక వింత జరిగింది. పెద్ద గుండ్రటి యంత్రం ఒకటి పొలంలో దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చూడడానికి కదిలివచ్చారు. ఆకాశం నుంచి ఏం పడిందోనని గుబులు. అది హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన బెలూన్‌కు కట్టిన క్యాప్సూల్. మనుషుల్ని అంతరిక్షపు అంచుదాకా తీసుకెళ్లాలని చూస్తున్న స్పెయిన్ దేశపు కంపెనీ ఒకటి చేసిన పరీక్ష అది. లోపల మనుషులెవరూ లేరు.

ఆ ప్రయాణం మొత్తం మన పాఠమే. బెలూన్‌ను గాలి పైకి తోస్తుంది. బరువు కిందికి లాగుతుంది. వదిలిన మొదట్లో పైకి తోసే బలం ఎక్కువ, అందుకే లేచింది. పైకి పోతూ పోతూ, గాలి పలచబడి, తోపు, బరువు సమానమైన చోట ఇక ఎక్కకుండా తేలుతుంది. తర్వాత క్యాప్సూల్‌ను బెలూన్ నుంచి విడదీస్తారు. పైకి పట్టే బలం పోయింది, బరువు ఒక్కటే మిగిలింది, క్యాప్సూల్ వేగం పెంచుకుంటూ పడుతుంది.

అప్పుడు పారాచూట్ విచ్చుకుంటుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది, వినండి. పారాచూట్ విచ్చుకున్న వెంటనే గాలి పైకి పట్టే బలం బరువు కంటే ఎక్కువవుతుంది. అంటే మిగిలిన బలం పైకి ఉంది. మరి క్యాప్సూల్ పైకి పోతుందా? పోదు. కిందికే దిగుతుంది, కానీ నెమ్మదిస్తుంది. బలం ఒక వైపు, చలనం ఇంకో వైపు. బలం ఎటు ఉంటే వస్తువు అటే పోతుందన్న రూలు లేదు. చలనంలో మార్పు ఎటు రావాలో అంతవరకే బలం చెబుతుంది. వేగం తగ్గిన కొద్దీ గాలి పట్టూ తగ్గుతుంది. చివరికి బరువుకు సమానమవుతుంది. అక్కడి నుంచి నేల తాకేదాకా దాదాపు ఒకే వేగంతో దిగుతుంది. బోరు మోటరు ఒకే వేగంతో పైకి వచ్చినట్టే, ఇది కిందికి వస్తుంది. రెండింట్లోనూ బలాలు సమానమే.

ఇక బస్సెక్కుదాం. చేవెళ్లలో పొద్దున్నే ఎక్కారు. సీటు దొరకలేదు, నిలబడ్డారు. డ్రైవరు బండిని ముందుకు దూకించాడు. మీరు వెనక్కి తూలారు. మిమ్మల్ని ఎవరో వెనక్కి తోశారా? ఎవరూ తోయలేదు. మీ పాదాల కింద బస్సు నేల ముందుకు పోయింది. మీ పైభాగం ఉన్న చోటే ఉండిపోయింది. తర్వాత బస్సు ఒకే వేగంతో పోతుంటే మీకేమీ తెలియదు. ఇంజను ఇచ్చే బలం, గాలి, రోడ్డు వెనక్కి పట్టే బలం సరిపోయాయి. కునుకు కూడా తీయొచ్చు. అంతలో గట్టిగా బ్రేకు. మీరు ముందుకు పడబోయారు. ఈసారి కూడా ఎవరూ తోయలేదు. బస్సుకు బ్రేకు పడింది. మీకు పడలేదు. మీ ఒళ్లు ఇందాకటి వేగంతోనే పోతోంది.

ఈ గుణాన్నే జడత్వం అంటారు. ఉన్న స్థితిలోనే ఉండిపోవడం. నిలిచి ఉన్నది నిలిచే ఉండడం ఎంత జడత్వమో, పరుగెత్తేది పరుగెత్తుతూనే ఉండడం కూడా అంతే జడత్వం.

మలుపు దగ్గరా ఇదే కథ. రోడ్డు వంక తిరుగుతుంది. బస్సు తిరుగుతుంది. ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కాలేజీ పిల్లవాడి ఒళ్లు మాత్రం నేరుగా పోదామంటుంది. వాడి చెయ్యి కమ్మీని పట్టుకుని ఉంటే ఆ చేతి బలం వాడిని బస్సుతో పాటు తిప్పుతుంది. చెయ్యి జారితే తిప్పే బలం లేదు. వాడు నేరుగా వెళ్లిపోతాడు, బస్సు తిరిగి వెళ్లిపోతుంది. బస్సుకు కూడా మలుపు తిరగడానికి బలం కావాలి. చదునైన రోడ్డు మీద అది టైర్లకూ రోడ్డుకూ మధ్య ఉన్న రాపిడి నుంచే రావాలి, ఇంకెక్కడి నుంచీ రాదు. వేగం రెట్టింపైతే అదే మలుపు తిరగడానికి నాలుగింతల బలం కావాలి. వాన పడ్డ రోడ్డు అంత బలం ఇవ్వలేకపోవచ్చు.

ఇప్పుడు నేను చెప్పబోయేది బరువైన విషయం. ఈ ప్రసంగం రాయడానికి అసలు కారణమూ అదే.

2024 డిసెంబరులో చేవెళ్ల మండలం ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి ఒక లారీ దూసుకొచ్చింది. ప్రాణాలు పోయాయి. చివరికి ఆ లారీ ఒక చెట్టుకు తగిలి ఆగింది. తర్వాతి ఏడాది, 2025 నవంబరు 3న, అదే బీజాపూర్ రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర నింపుకున్న టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కనీసం 19 మంది చనిపోయారు. టిప్పర్‌లోని కంకర బస్సులోకి కుప్పకూలి ప్రయాణికుల మీద పడింది. కంకర కింద చిక్కుకున్న వాళ్లను బయటికి తీయడానికి ఎంత కష్టపడ్డారో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది.

తప్పు ఎవరిదని నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. రోడ్డు సంగతి, వేగం సంగతి విచారించాల్సిన వాళ్లు విచారిస్తారు. నేను చెప్పగలిగింది ఒక్కటే, కంకర సంగతి. టిప్పర్‌లో ఉన్న కంకర టిప్పర్ వేగంతోనే పోతుంటుంది. టిప్పర్ దేన్నైనా గుద్దుకుని హఠాత్తుగా ఆగితే, ఆపే బలం ముందు పడేది టిప్పర్ మీద. కంకరలో ప్రతి రాయికీ విడిగా ఆపే బలం అందాలి. అడ్డంగా గోడ ఉంటే గోడ ఆపుతుంది. గోడ విరిగినా, బండి ఒరిగినా, రాళ్లు తాము పోతున్న దారినే పోతాయి, లేదా భూమి గుంజిన వైపు పడతాయి.

అందుకే నేను ఇందాక అన్నాను, సగం పాఠం సరిపోదని. కదలడానికి బలం కావాలని మాత్రమే నేర్చుకున్న మనిషి, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే బండి ఆగిపోతుందనే నమ్మకంతో ఉంటాడు. రోడ్డు మీద బండికి ఆ నమ్మకంతో పని లేదు. దాన్ని ఆపాలంటే బలం కావాలి. ఆ బలం పని చేయడానికి దూరం కావాలి.

ఎంత దూరం? అంకెలు ఎక్కువ చెప్పను, రెండే చెబుతాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు కళ్లు చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే దాదాపు ఒక సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు ఇంకా పడకముందే బండి 17 మీటర్లు వచ్చేసింది. ఇది మొదటి అంకె. ఇక రెండోది. బ్రేకు పడ్డాక, వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఎంత దూరంలో ఆగుతుందో, 60లో దానికి నాలుగింతల దూరంలో ఆగుతుంది. బ్రేకు ఇచ్చే బలం అంతే ఉండి, బండి బరువు రెట్టింపైతే ఆగే దూరమూ రెట్టింపవుతుంది. నిండు లోడు లారీ ముందు నుంచి రోడ్డు దాటేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. డ్రైవరు ఎంత మంచివాడైనా ఈ లెక్కను మార్చలేడు.

సీటు బెల్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కారు గుద్దుకున్నప్పుడు కారు ఆగుతుంది, మనం ఆగం. మనల్ని ఆపే బలం ఎక్కడో ఒక చోటి నుంచి రావాల్సిందే. బెల్టు ఉంటే అది ఛాతీ మీదుగా, తుంటి మీదుగా పరుచుకుని, కాస్త సాగుతూ ఆపుతుంది. బెల్టు లేకపోతే అదే పని స్టీరింగో, ముందు అద్దమో చేస్తుంది. వెనక సీట్లో కూర్చున్న వాళ్లకైతే ముందు సీట్లో ఉన్న మనవాళ్ల తలే అడ్డొస్తుంది. ఒళ్లో పెట్టుకున్న పసిబిడ్డను చేతులతో పట్టుకోగలమనుకుంటాం. అంత వేగంలో తల్లి చేతుల్లో ఎంత ప్రేమ ఉన్నా, అంత బలం ఉండదు. ఇది కఠినంగా వినిపించినా చెప్పక తప్పదు.

హైస్కూలు టీచర్లకు నాదొక విన్నపం. మీ ఊరు ఏదైనా కావచ్చు, చిన్న మంగళారం కావచ్చు, శంకర్‌పల్లి కావచ్చు, తాండూరు కావచ్చు. బలాల పాఠం వచ్చినప్పుడు పిల్లలను బోరు దగ్గరికి తీసుకెళ్లండి. బస్సులో బ్రేకు పడ్డప్పుడు తమ సంచి ఎటు జరిగిందో రాసుకురమ్మనండి. ట్రాలీలో కట్టని టమాటా డబ్బాలు స్పీడ్ బ్రేకరు దగ్గర ఏమవుతాయో అడగండి. ఈ రోడ్డు పక్కన పెరిగే పిల్లలు ఈ పాఠాన్ని పరీక్షకు మించిన అవసరంతో చదవాలి.

తెల్లవారకముందే చామంతి మూటలతో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు, కూరగాయలతో మెహదీపట్నం రైతుబజారుకు బయలుదేరే అన్నలకు ఒక మాట. డబ్బాలను, మూటలను తాడుతో గట్టిగా కట్టండి. బండి ఎంత మోయాలో అంతే వేయండి. లోడు మీద మనుషుల్ని కూర్చోబెట్టుకోకండి. ముందు పోయే బండికి దూరం వదలండి, వాన రోజున ఇంకా ఎక్కువ వదలండి. రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకుని అమ్మే అక్కలు, అమ్మలు తారు అంచుకు ఎంత వెనక్కి జరగగలిగితే అంత వెనక్కి జరిగి కూర్చోండి. రేపు పొద్దున బండి తీసేముందు లోడు మీది తాడును ఒకసారి లాగి చూడండి, వదులుగా ఉంటే మళ్లీ బిగించండి.